పేరు చెరిగిన బ్రిటిష్ సైకిల్ ఫ్రేము: వయసు తేల్చే పని, దశలవారీ డైరీ

ఈ డైరీ ఒక్క ఫ్రేముకు సంబంధించినది. డార్బీకి దగ్గరలో జరిగిన పాత సైకిల్ సామాన్ల సంతలో దాన్ని కొన్నాను. ముందువైపు తయారీదారు పేరున్న బిళ్ల లేదు, గొట్టాల మీద పేరు లేదు, అంతటా దట్టంగా బూడిదరంగు ఇంటి పెయింటు పూసి ఉంది. అమ్మిన పెద్దాయన దాన్ని 1938 నాటి క్లాడ్ బట్లర్ (ఒక బ్రిటిష్ సైకిల్ తయారీ పేరు) అని చెప్పారు. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి నేను చేసిన కొలతలు, పడిన పొరపాట్లు, పాడుచేసిన ఆనవాళ్లు అన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఫ్రేము చేతికొచ్చినవారు నా క్రమాన్ని అనుసరించవచ్చు. రెండో, మూడో, అయిదో దశల్లో నేను చేసిన పొరపాట్లను మాత్రం చేయవద్దు.

మొదటి రోజే నోటుపుస్తకంలో మూడు గడులు గీశాను. మొదటిది ‘ఇంతకు ముందు కాదు’, రెండోది ‘ఇంతకు తరువాత కాదు’, మూడోది ‘తేదీకి పనికిరాదు’. ఏ ఆధారం దొరికినా ఈ మూడింటిలో ఒకదానిలో పడాలి. ‘పాతకాలపుదిలా ఉంది’ అన్న అభిప్రాయానికి ఏ గడిలోనూ చోటు లేదు. పని మొదలుపెట్టేనాటికి నేను రాసుకున్న హద్దులు చాలా వెడల్పైనవి: 1920 నుంచి 1980 దాకా.

మొదటి దశ: ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం

ఫ్రేము, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), హెడ్‌సెట్టు (ఫోర్కు తిరిగే చోటి బేరింగులు), వెనుక చక్రం ఒకటి వచ్చాయి. చక్రం నడుమ స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల ఏడబ్ల్యూ రకం హబ్బు ఉంది. బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) కప్పులు, పెడళ్లు తగిలించే క్రాంకులు, ముందు చక్రం లేవు. సీటు గొట్టం పొడవు 23 అంగుళాలు. విడదీయక ముందు నాలుగు పక్కల నుంచీ, అడుగు నుంచీ ఫొటోలు తీశాను. తరువాతి దశల్లో రెండుసార్లు ఆ ఫొటోలే ఆదుకున్నాయి.

హబ్బు మీద 53 అని, దాని పక్కన 8 అని చెక్కి ఉంది. స్టర్మీ-ఆర్చర్ వారు నాటింగ్‌హామ్‌లో తయారుచేసిన హబ్బుల పెంకు మీద సంవత్సరపు చివరి రెండంకెలనూ నెల సంఖ్యనూ వేసేవారు కాబట్టి ఇది 1953 ఆగస్టు నాటి హబ్బు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఫ్రేము కూడా 1953 నాటిదేనని రాసేసుకుంటారు. చక్రం మార్చడానికి పది నిమిషాలు చాలు. అరవై డెబ్బై ఏళ్ల జీవితంలో ఒక సైకిల్‌కు ఎన్ని చక్రాలు మారి ఉంటాయో ఎవరికీ తెలియదు. హబ్బు తేదీని మూడో గడిలో పెట్టాను.

అప్పటికి మొత్తం: 2 గంటలు, 45 పౌండ్లు. హద్దులు: 1920 నుంచి 1980.

రెండో దశ: ఫ్రేము సంఖ్య

బ్రిటిష్ ఫ్రేముల మీద సంఖ్య సాధారణంగా బీబీ పెంకు అడుగునగానీ, సీటు లగ్గు (సీటు కింద గొట్టాలు కలిసే చోటి తొడుగు) మీదగానీ, వెనుక డ్రాపౌటు (చక్రపు ఇరుసు కూర్చునే పలక) మీదగానీ ఉంటుంది. నా ఫ్రేముకు బీబీ అడుగున పెయింటు కింద అంకెల గతుకులు వేలికి తగిలాయి. తొందరపడి డ్రిల్లుకు తీగబ్రష్షు బిగించి రుద్దాను. ఇరవై సెకన్లలో పెయింటు పోయింది, దానితోపాటు రెండో అంకె కూడా సగం అరిగిపోయింది. ఆ అంకె అసలే లోతుగా పడలేదు. మిగిలినవి 4, 7, 2.

పాడైన తరువాత నేర్చుకున్న పద్ధతి ఇది:

1. పెయింటు కరిగించే జెల్ పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అరగంట వదిలేయాలి.
2. చెక్క పుల్లతోనో పాత దంతబ్రష్షుతోనో తీయాలి. లోహపు వస్తువు ఏదీ తగలకూడదు.
3. ఆరిన తరువాత సుద్దపొడి రుద్ది పైపైన తుడిస్తే అంకెల లోతుల్లో తెలుపు నిలుస్తుంది.
4. గది చీకటి చేసి, టార్చిని ఫ్రేముకు దాదాపు సమాంతరంగా పట్టుకుని నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీయాలి.

ఆ కాలపు పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడి సాండ్‌పేపరుతో రుద్ది ఆ దుమ్మును పీల్చకూడదు. తడిపి రుద్దడమో, జెల్ వాడడమో చేయాలి.

రెండో అంకె ఫోర్కులో దొరికింది. ఫోర్కును బయటకు తీసి, స్టీరర్ గొట్టాన్ని తుడిచి చూస్తే 4372 అని స్పష్టంగా ఉంది. ఆ గొట్టం ఎప్పుడూ హెడ్ ట్యూబు (ఫ్రేము ముందుండే పొట్టి గొట్టం) లోపల దాగి ఉంటుంది కాబట్టి దానికి పెయింటు తాకదు, బ్రష్షు తాకదు. మిగిలిన మూడు అంకెలూ సరిపోయాయి గనుక ఈ ఫోర్కు, ఈ ఫ్రేము పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయని నమ్మవచ్చు. పాత ఫ్రేములకు గుద్దుకున్న తరువాత ఫోర్కు మార్చడం మామూలు కాబట్టి ఈ సంగతికి నేను చాలా విలువ ఇస్తాను. ఇక ముందు ఫోర్కు మీద దొరికే ఆనవాళ్లు కూడా ఫ్రేముకు చెందినవే.

అయితే, తయారీదారు ఎవరో తెలియనంత వరకు 4372 అనే సంఖ్యకు అర్థం లేదు. 1973 నుంచి రాలీ వాడిన పద్ధతిలో మొదటి అక్షరం కర్మాగారాన్నీ, తరువాతి అంకె సంవత్సరాన్నీ చెప్పేది: ఎన్ అంటే నాటింగ్‌హామ్, డబ్ల్యూ అంటే వర్క్‌సాప్. నా సంఖ్యలో అక్షరమే లేదు. చిన్న బిల్డర్లలో కొందరు వరుస సంఖ్య మాత్రమే వేసేవారు, కొందరు సంవత్సరాన్ని కలిపి వేసేవారు. సంఖ్య కూడా ప్రస్తుతానికి మూడో గడిలోకే వెళ్లింది.

ఖర్చు: జెల్, చేతి తొడుగులు 9 పౌండ్లు. మొత్తం: 7 గంటలు, 54 పౌండ్లు. హద్దులు మారలేదు.

గొట్టాల కొలతలు

డిజిటల్ వెర్నియర్ కాలిపర్ 18 పౌండ్లకు కొన్నాను. పైగొట్టం 26.1 మి.మీ., సీటు గొట్టం 29.3 మి.మీ. చూపించాయి. ఫ్రెంచి ఫ్రేముల పైగొట్టం 26 మి.మీ. ఉంటుందని తెలుసు కాబట్టి ఇది బ్రిటిష్ ఫ్రేము కాదేమోనని ఒక రాత్రంతా అనుమానించాను. కానీ ఫ్రెంచి లెక్కలో సీటు గొట్టం 28 ఉండాలి, నాకు వచ్చింది 29.3. రెండు కొలతలూ ఒకే దేశానికి చెందడం లేదు. నేను కొలిచినది గొట్టాన్ని కాదు, గొట్టం మీది పెయింటును. మూడు చోట్ల చిన్న నాణెమంత మేర లోహం కనిపించేదాకా పెయింటు తీసి మళ్లీ కొలిచాను.

పైగొట్టం 25.4, సీటు గొట్టం 28.6, డౌన్ ట్యూబు (హెడ్ ట్యూబు నుంచి బీబీకి దిగే గొట్టం) 28.6, హెడ్ ట్యూబు 31.8. అంటే వరసగా అంగుళం, అంగుళం ఎనిమిదో వంతు, మళ్లీ అదే, అంగుళం పావు. పూర్తిగా ఇంగ్లీషు కొలతలు. డౌన్ ట్యూబును పొడవునా ఆరుచోట్ల కొలిచాను, అన్నిచోట్లా ఒకే కొలత వచ్చింది. ఆ రోజు అలవాటుగా రాసుకున్న ఈ వివరం చివరి దశలో పనికొచ్చింది.

సీటు గొట్టం లోపలి కొలత మరింత కష్టపెట్టింది. పైన బిగింపు బోల్టు ఏళ్ల తరబడి నొక్కినందువల్ల నోరు గుండ్రంగా లేదు: ఒకవైపు 27.0, దానికి అడ్డంగా 27.4. కాలిపర్ ఇక్కడ పనికిరాదని ఒప్పుకుని, సీటు పోస్టులతోనే (సీటును మోసే కడ్డీలతోనే) పరీక్షించాను. 26.8 వదులుగా ఊగింది. లోపలి అంచును గుండ్రటి ఆకురాయితో కాస్త నునుపు చేశాక 27.2 పోస్టు చేతి ఒత్తిడితో దిగింది.

27.2 అనే సంఖ్య చూడగానే రేనాల్డ్స్ 531 అని ప్రకటించేవారు ఉన్నారు. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ సంస్థ 531 అనే మాంగనీస్-మాలిబ్డినమ్ ఉక్కు గొట్టాలను 1935లో తెచ్చింది. చివర్లు మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టాలకు మాత్రం ఆ వంశం 1897లోనే పేటెంటు పొందింది. 27.2 పోస్టు పట్టడం గొట్టం గోడ పలుచనని చెబుతుందే తప్ప, ఆ ఉక్కు ఎవరిదో చెప్పదు. అందుకని 1935ను మొదటి గడిలో రాయలేదు. మంచి గొట్టం, బరువు తక్కువ, క్లబ్బు సవారీ కోసం చేసిన ఫ్రేము అని మాత్రం రాసుకున్నాను.

ఖర్చు: కాలిపర్ 18, పాత సీటు పోస్టు 8. మొత్తం: 10 గంటలు, 80 పౌండ్లు. హద్దులు మారలేదు.

మూడో దశ: మరలు, ఒక వారం వృథా

నా పొరపాట్లన్నింటిలో ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే కాబట్టి వివరంగా రాస్తాను.

బ్రిటిష్ ఫ్రేముల బీబీ పెంకుకు మామూలుగా అంగుళానికి 24 మర చుట్లు, పెంకు వెడల్పు 68 మి.మీ. రాలీ నాటింగ్‌హామ్ కర్మాగారం మాత్రం చాలాకాలం తన సొంత పద్ధతిలో 26 చుట్లు పెట్టింది. ఆ పెంకులు చాలావరకు 71 మి.మీ. వెడల్పు ఉంటాయి. హెడ్‌సెట్టుకు కూడా అదే తేడా. కాబట్టి ఒక్క మర కొలతతో నాటింగ్‌హామ్ రాలీ అవునో కాదో తేలిపోవాలి.

నా దగ్గర ఉన్నది 5 పౌండ్లకు కొన్న మెట్రిక్ మర గేజి. అందులో 1.0 మి.మీ. పలకను పెంకులో పెట్టి చూస్తే చక్కగా కూర్చున్నట్టు కనిపించింది. 26 చుట్లంటే చుట్టుకు 0.977 మి.మీ. కాబట్టి ఇది రాలీయేనని తీర్మానించుకున్నాను. 24 చుట్లంటే 1.058 మి.మీ. అన్న లెక్కను అప్పుడు వేయలేదు. నాలుగైదు చుట్ల లోతులో ఆ రెండింటి మధ్య తేడాను 1.0 పలక పట్టివ్వదు, రెండింటిలోనూ కూర్చున్నట్టే కనిపిస్తుంది. పెంకు వెడల్పు 68.2 వచ్చినా, అరిగిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఉక్కు పెంకు మూడు మిల్లీమీటర్లు అరగదు.

ఆ నమ్మకంతో ఒక రోజు సెలవు పెట్టి, నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌కు వెళ్లి అక్కడ భద్రపరచిన రాలీ సంస్థ రికార్డులు చూశాను. 26 చుట్ల పాత కప్పుల జత 12 పౌండ్లకు తెప్పించాను. కుడివైపు కప్పు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. కుడివైపు మర ఎడమచేతి వాటంగా ఉంటుందని గుర్తుండే తిప్పాను, అయినా కదలలేదు.

తెనాలిలో మా బాబాయికి నలభై ఏళ్లు సైకిల్ షాపు ఉండేది. ఆయనకు ఫోన్ చేస్తే ఒక్క మాటే అన్నారు: “బలం పెట్టకు నాన్నా. ముందు వెనక్కి తిప్పు, మర అంచు టక్కుమని పడితేనే ముందుకు తిప్పు. అప్పుడూ పోకపోతే ఆ కప్పు దానిది కాదు.” అలాగే చేశాను. పోలేదు. హెర్క్యులెస్, రాలీ, బీఎస్ఏ బళ్లన్నీ చూసిన మనిషి ఆయన. మరలను కంటితో కాదు, కాగితం మీద లెక్కపెట్టమని కూడా చెప్పారు.

ఆ పద్ధతి ఇది, ఎవరైనా చేయవచ్చు:

1. ఫోర్కు స్టీరర్ మరను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాలి.
2. మర మీద మెత్తటి పెన్సిల్‌ను అడ్డంగా రుద్దాలి.
3. తెల్ల కాగితాన్ని గట్టిగా నొక్కి తీస్తే గీతలు అచ్చు పడతాయి.
4. ఆ గీతల మీద 25.4 మి.మీ. దూరం గుర్తుపెట్టి లెక్కించాలి.

మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ 24. తరువాత అంగుళాల మర గేజి 6 పౌండ్లకు కొని బీబీ పెంకులోనూ చూశాను, అక్కడా 24. ఆ గేజి పళ్లు విట్‌వర్త్ పద్ధతిలో 55 డిగ్రీల కోణంలో ఉంటాయి, సైకిల్ మర 60 డిగ్రీలది. అందువల్ల పలక పూర్తిగా అతుక్కోదు, కానీ చుట్ల మధ్య దూరం సరిపోతుందో లేదో తెలుస్తుంది.

పెంకు మరల్లోని తుప్పును తీయడానికి కూడా బాబాయి చెప్పిన ఉపాయమే వాడాను. 24 చుట్ల పాత ఉక్కు కప్పు అంచుకు హాక్సా బ్లేడుతో నిలువుగా నాలుగు గాట్లు పెట్టి, నూనె వేసి, పావు చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కు తిప్పుతూ పోతే తుప్పు ఆ గాట్లలో చేరుతుంది.

దీనితో నాటింగ్‌హామ్ రాలీ జాబితాలోంచి పోయింది. అయితే పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రాలీ సంస్థ హంబర్ సైకిళ్లను 1932లో, రడ్జ్‌ను 1943లో, బీఎస్ఏ సైకిళ్లను 1957లో, వర్క్‌సాప్‌లోని కార్ల్‌టన్‌ను 1960లో తీసుకుంది. ఒకే పేరుతో వచ్చిన ఫ్రేములు వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్మాగారాల నుంచి వచ్చాయి. క్లాడ్ బట్లర్ పేరు కూడా 1950ల చివర హోల్డ్స్‌వర్త్ అనే మరో సైకిల్ సంస్థ చేతికి పోయింది. పేరు తెలిసినంత మాత్రాన ఫ్రేము ఎక్కడ పుట్టిందో తెలిసినట్టు కాదు.

ఖర్చు: రెండు గేజులు 11, పనికిరాని కప్పులు 12, రైలు టికెట్టు 10. మొత్తం: 23 గంటలు, 113 పౌండ్లు. హద్దులు ఇంకా 1920 నుంచి 1980.

నాలుగో దశ: లగ్గులు, డ్రాపౌట్లు

లగ్గులంటే గొట్టాలు కలిసే చోట తొడిగే ఉక్కు తొడుగులు. ఆ సందుల్లోకి ఇత్తడిని కరిగించి పోస్తారు. ఫ్రేమునంతా విప్పి మళ్లీ కడితే తప్ప లగ్గును మార్చలేరు. అందుకే నా దృష్టిలో ఫ్రేము మీద ఉన్న సాక్ష్యాలన్నింటిలో లగ్గుకే మొదటి స్థానం. దాని తరువాత మరలు, ఆ తరువాత డ్రాపౌట్లు, అతికించిన చిన్న బొడిపెలు, చిట్టచివర బిగించిన సామాను.

జెల్‌తో మూడు లగ్గులనూ శుభ్రం చేశాక వంపులు తిరిగిన అంచులు బయటపడ్డాయి. నెర్వెక్స్ ప్రొఫెషనల్ రకం. ఫ్రాన్స్‌లో అచ్చువేసిన ఈ లగ్గులను రెండో ప్రపంచయుద్ధం తరువాత బ్రిటిష్ బిల్డర్లు విరివిగా వాడారు. మొదటి గడిలో తొలిసారిగా ఒక సంవత్సరం రాశాను: 1946కు ముందు కాదు. 1938 అన్న మాట అక్కడితో ముగిసింది.

ముందువైపు బిళ్ల ఉండేదేమో చూడాలంటే హెడ్ ట్యూబును బయటి నుంచి చూడకూడదు. పాత రంధ్రాలను పుట్టీ కప్పేస్తుంది. హెడ్‌సెట్టు కప్పులు తీసి లోపల టార్చి వేసి చూస్తే రివిట్ల రంధ్రాలు తప్పక కనబడతాయి. నా ఫ్రేము లోపల రంధ్రాలు లేవు. అంటే పేరును రివిట్ల బిళ్లతో కాక స్టిక్కరు వంటి ట్రాన్స్‌ఫర్‌తో వేశారు. బిళ్లను బిగించే పెద్ద కంపెనీ కంటే చిన్న బిల్డరుకో దుకాణానికో ఇది ఎక్కువ సరిపోతుంది.

ఫోర్కు కుడి కాలికి దీపం తగిలించే బొడిపె అతికించి ఉంది. ఎడమవైపు నడిచే దేశంలో దీపం రోడ్డు మధ్య వైపుకు ఉండాలి కాబట్టి కుడికాలు. పంపు పట్టే కొక్కేలు డౌన్ ట్యూబు మీద ఉన్నాయి. గేరు మీటల కోసం ఏ బొడిపె లేదు.

చక్రం కొలత తేల్చడానికి ఇరుసు మధ్య నుంచి ఫోర్కు బ్రేకు రంధ్రం దాకా కొలిచాను: 358 మి.మీ. 27 అంగుళాల రిమ్ము టైరు కూర్చునే వ్యాసం 630, అంటే సగం 315. బ్రేకు దిమ్మ తగిలే చోటు దానికంటే ఆరేడు మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది కాబట్టి బ్రేకుకు 49 మి.మీ. పొడవు మిగులుతుంది. అదే 26 x 1¼ క్లబ్బు రిమ్ము అయితే వ్యాసం 597, అప్పుడు బ్రేకు 66 మి.మీ. చేతులు చాచాలి. మొదటిదే సబబుగా ఉంది. ఇది 27 అంగుళాల ఫ్రేము.

అప్పుడు కుడి డ్రాపౌటు మీద పెయింటు తీస్తే ఇటలీ గేర్ల సంస్థ కాంపాన్యోలో పేరు కనిపించింది, గేరు తగిలించే చెవి కూడా ఉంది. వెనుక రెండు డ్రాపౌట్ల మధ్య దూరం 121 మి.మీ. అయిదు పళ్ల చక్రాల ఫ్రీవీల్‌కు కావలసినది 120. ఆ సంస్థ గ్రాన్ స్పోర్ట్ గేరు 1950ల మొదట్లో అమ్మకానికి వచ్చింది కాబట్టి మొదటి గడిలోని 1946ను కొట్టేసి 1951 రాశాను. ఏడబ్ల్యూ హబ్బు చక్రం ఈ ఫ్రేముకు తరువాత వచ్చినదని కూడా రాసుకున్నాను.

మొత్తం: 29 గంటలు, 113 పౌండ్లు. హద్దులు: 1951 నుంచి 1980. ఈ పంక్తిని తరువాతి దశలో కొట్టేయవలసి వచ్చింది, కానీ చెరపకుండా అలాగే ఉంచాను.

అయిదో దశ: పెయింటు పొరలు

తడి సాండ్‌పేపరుతో ఒక్కో పొర తీస్తే ఫ్రేము చరిత్ర తిరగబడి కనిపిస్తుంది. సీటు గొట్టం మీద రూపాయి బిళ్లంత చోట 1000 నంబరు కాగితంతో మెల్లగా రుద్దాను. వలయాలు వలయాలుగా రంగులు బయటపడ్డాయి: పైన బూడిద, దాని కింద నీలం, దాని కింద లోతైన ఎరుపు, ఎరుపు కింద వెండి రంగు. వెండి మీద పారదర్శకమైన రంగు వేసే ఈ పద్ధతిని ఫ్లాంబాయంట్ అంటారు. 1950ల బ్రిటిష్ క్లబ్బు సైకిళ్లకు అది చాలా ప్రియమైన ముస్తాబు. ఎరుపు వెండి జంట అసలు పొర, నీలం మొదటి మరమ్మతు, బూడిద ఇంటి పెయింటు.

ఈ వలయాల పరీక్షను పది చోట్ల చేశాను. తొమ్మిది చోట్ల నాలుగు రంగులూ ఉన్నాయి. కుడి డ్రాపౌటు దగ్గర మాత్రం నీలం కింద నేరుగా లోహం ఉంది. ఎడమవైపు డ్రాపౌటు అంచు దాకా ఎరుపు నిలిచి ఉంది. అంటే కుడి డ్రాపౌటును ఎరుపు రంగు వేసిన తరువాత, నీలం వేయడానికి ముందు మార్చారు. వెంటనే రెండింటి మందం కొలిచాను: ఎడమది 4.8, కుడిది 6.0 మి.మీ. ఎడమదాని మీద ఏ పేరూ లేదు. మొదటిరోజు అడుగు నుంచి తీసిన ఫొటోలో కూడా ఆ తేడా కనిపిస్తోంది, నేనే గమనించలేదు.

అయితే 121 అన్న వెడల్పు కూడా అసలుది కాకపోవచ్చు. దారం పరీక్ష చేశాను:

1. ఎడమ డ్రాపౌటుకు దారం కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, కుడి డ్రాపౌటుకు బిగించి కట్టాలి.
2. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందును రెండు పక్కలా కొలవాలి.
3. రెండూ సమానంగా ఉంటే వెనుక భాగం మధ్యలోనే ఉంది.

నాకు ఎడమవైపు 28.0, కుడివైపు 31.5 వచ్చాయి. హెడ్ ట్యూబు నుంచి సీటు గొట్టానికి 560, డ్రాపౌటుకు 990 మి.మీ. కాబట్టి సీటు గొట్టం దగ్గరి 3.5 తేడా డ్రాపౌటు దగ్గర 6.2 అవుతుంది. కుడి డ్రాపౌటు 1.2 మి.మీ. ఎక్కువ మందం, దాన్ని తీసేస్తే 5. ఫ్రేము కుడివైపుకు సుమారు 5 మి.మీ. సాగింది. అసలు వెడల్పు 116 చుట్టుపక్కల, నా చేతి కొలతలో అటూ ఇటూ రెండు మిల్లీమీటర్ల తప్పు ఉండవచ్చు. నాలుగున్నర అంగుళాలంటే 114.3. ఎవరో కుడి డ్రాపౌటు విరిగినప్పుడు కొత్తది వేయించి, అయిదు పళ్ల చక్రాల గేరు కోసం ఆ పక్కను బయటికి లాగారు.

1951ను కొట్టేసి మళ్లీ 1946 రాశాను. రెండో గడిలో మొదటిసారి ఒక అంకె చేరింది. వెనుక వెడల్పు 120కి తక్కువ, గేరు మీటల బొడిపెలు లేవు, ఫోర్కుకు దీపం బొడిపె ఉంది, అసలు రంగు ఫ్లాంబాయంట్. వీటిలో ఏ ఒక్కటీ తేదీని నిలబెట్టలేదు. నాలుగూ కలిసి ఉన్నందువల్ల 1960 తరువాత కాదని నా అంచనా. ఇది అంచనా కాబట్టి పెన్సిల్‌తో రాశాను; లగ్గుల ఆధారంగా వచ్చిన 1946 మాత్రం సిరాతో ఉంది.

ఇక నేను చేసిన తీరని నష్టం. డౌన్ ట్యూబు మీద పేరు ఉంటుందని తెలిసి, ఎడమవైపు ముందు భాగం నుంచి మొదలుపెట్టి నీలం పొరను తీస్తున్నాను. ఓపిక తగ్గి 1000 బదులు మరింత గరుకైన 400 నంబరు కాగితం తీసుకున్నాను. నీలం త్వరగా పోయింది, దాని కింద ఎరుపు మీద లేత బంగారు రంగు గీతలు క్షణంపాటు కనిపించి చేతి కిందే పోయాయి. అవి అక్షరాలని అర్థమయ్యేసరికి పేరులో మొదటి భాగం లేదు. ఆ ఫ్రేము ఆరేడు దశాబ్దాలు దాచుకున్నదాన్ని నేను అయిదు నిమిషాల్లో చెరిపేశాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ రోజు పని ఆపేశాను. రెండు రోజుల తరువాత 2000 నంబరు కాగితం, సబ్బు నీళ్లతో, ఒక చదరపు అంగుళానికి అరగంట చొప్పున మిగిలిన భాగం తీశాను. చివరి రెండు అక్షరాలు దొరికాయి. ఇంగ్లీషు ‘ఈ’, ‘ఎస్’. పక్కవాటంగా టార్చి వేసి తీసిన ఫొటోలో ‘ఎస్’ స్పష్టంగా ఉంది, ‘ఈ’ని నూటికి తొంభై పాళ్లు నమ్ముతున్నాను. సీటు గొట్టం మీద కూడా అదే ఓపికతో వెతికితే రేనాల్డ్స్ 531 ముద్రలో ఒక మూల కనిపించింది. అది ఎరుపు పొర మీదే ఉంది కాబట్టి అసలు ముద్రే. కానీ తేదీకి అది కొత్తగా ఏమీ ఇవ్వదు, 1935 ఎప్పుడో దాటిపోయాము.

ఖర్చు: కాగితాలు 7. మొత్తం: 38 గంటలు, 120 పౌండ్లు. హద్దులు: 1946 నుంచి 1960.

ఆరో దశ: పేరు

క్లాడ్ బట్లర్ పేరు ‘ఆర్’తో ముగుస్తుంది. అయినా ఆ పేరును సొంత లెక్కతోనే కొట్టేయడం ఇష్టం లేక, ఆ తయారీని ఏళ్లుగా అధ్యయనం చేస్తున్న ఒక పెద్దమనిషికి సంఖ్య, లగ్గులు, అక్షరాల ఫొటోలు పంపాను. బ్రిటన్‌లో వెటరన్-సైకిల్ క్లబ్బు 1955 నుంచి ఉంది. ఒక్కో తయారీ పేరును ఒక్కో సభ్యుడు శ్రద్ధగా పట్టించుకునే సంప్రదాయం అక్కడ ఉంది. సంఖ్యను చూసి పేరు పెట్టడం తగదని, ఫొటోల్లోని ఏ గుర్తూ ఆ పేరును బలపరచడం లేదని ఆయన జవాబు రాశారు. సంఖ్యలు, లగ్గులు, ముద్రలు వేర్వేరు కాగితాల మీద స్పష్టంగా పంపినందుకు మెచ్చుకున్నారు కూడా. ఇలాంటివారిని అడిగేటప్పుడు ‘ఇదేమిటి’ అని ఒక్క ఫొటో పంపకుండా, కొలతలన్నీ ముందే ఇవ్వడం మర్యాద.

‘ఈఎస్’తో ముగిసే పేర్లలో నాకు తెలిసినవి మూడు: బర్మింగ్‌హామ్‌కు చెందిన డాస్, లండన్‌కు చెందిన బేట్స్, బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన బెయిన్స్. బేట్స్ సోదరుల ఫ్రేములకు రెండు ప్రసిద్ధ లక్షణాలున్నాయి: నడుమ ఉబ్బిన కాంటిఫ్లెక్స్ గొట్టాలు, రెండు వంపులు తిరిగిన డయాడ్రంట్ ఫోర్కు. నా డౌన్ ట్యూబు ఆరు చోట్లా 28.6, ఫోర్కుకు ఒకే వంపు. బెయిన్స్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది సీటు గొట్టం నిలువుగా ఉండే ఫ్లయింగ్ గేట్ నమూనా, నాది మామూలు వజ్రాకారపు ఫ్రేము. కానీ ఆ ఇద్దరూ మామూలు నమూనాలూ చేశారు కాబట్టి పూర్తిగా కొట్టేయలేను. ఇవి కాక, తన పేరు వేయించుకుని ఫ్రేములను వేరే బిల్డరుతో కట్టించుకున్న ఊరూరి దుకాణదారులు ఎందరో ఉన్నారు. ‘ఈఎస్’ వాళ్లలో ఎవరి ఇంటిపేరైనా కావచ్చు.

అందుకని పేరు గడిలో ఏమీ రాయలేదు. మార్కెట్లో మూడు పేర్ల ట్రాన్స్‌ఫర్లూ కొత్తగా అచ్చువేసినవి దొరుకుతాయి. వాటిలో ఏదీ అతికించను. అతికిస్తే నా తరువాత ఈ ఫ్రేమును కొన్నవారు దాన్నే సాక్ష్యంగా తీసుకుంటారు.

పెయింటరుకు ఇచ్చిన సూచనలు ఇవి:

1. ఎరుపు ఫ్లాంబాయంట్, వెండి మీద. నమూనాగా ఎడమ డ్రాపౌటు దగ్గరి అసలు రంగును చూడాలి.
2. డౌన్ ట్యూబు మీది రెండు అక్షరాలు, సీటు గొట్టం మీది 531 మూల, వాటి చుట్టూ 6 సెం.మీ. మేర కొత్త రంగు తగలకూడదు. పైన పారదర్శకమైన వార్నిష్ మాత్రమే.
3. బీబీ అడుగున సంఖ్య మీద పలుచటి ఒక్క పూత.
4. ఇసుక ఊదడం వద్దు, జెల్‌తోనే తీయాలి.

వెనుక వెడల్పును 114కు తిరిగి నొక్కించడం లేదు. ఒకసారి సాగిన గొట్టాన్ని మళ్లీ వంచితే అతుకుల దగ్గర ఒత్తిడి పడుతుంది. ఎడమ పక్కను కదపకుండా, కుడివైపు తేడాను చక్రం చువ్వల బిగింపుతో సర్దుకుంటాను. 1953 ఆగస్టు నాటి హబ్బును ఇరుసు మీద రెండు వాషర్లు వేసి ఇందులోనే నడుపుతాను. ఆ తేదీ నా హద్దుల మధ్యనే ఉంది, అయినా నోటుపుస్తకంలో అది ఇప్పటికీ మూడో గడిలోనే ఉంది.

నేటి దాకా మొత్తం: 42 గంటలు, 120 పౌండ్లు, పెయింటు ఖర్చు కలపకుండా. ఇంతకు ముందు కాదు: 1946, సిరాతో. ఇంతకు తరువాత కాదు: 1960, పెన్సిల్‌తో. తయారీదారు: …ఈఎస్. సంఖ్య: 4372.